తుపాకీ దేశం – 9వ భాగం: ఏడు గజాల లోపల

1942లో అమెరికా గూఢచార సంస్థ ఓఎస్ఎస్ మేరీలాండ్ రాష్ట్రంలోని కటాక్టిన్ కొండల్లో ఒక రహస్య శిబిరం నడిపింది. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ విడిది ఆ పక్కనే ఉండేది. ఇప్పుడు దాన్నే క్యాంప్ డేవిడ్ అంటున్నాం. ఓఎస్ఎస్ శిబిరంలో ఒక ఇల్లు ఉండేది. శత్రువుల ఆక్రమణలో ఉన్న దేశాల్లోకి దిగబోయే కుర్రాళ్లను ఒక్కొక్కరినే అందులోకి పంపేవారు. చేతిలో తూటాలు నింపిన పిస్తోలు, వెనకే శిక్షకుడు. లోపల మసక వెలుతురు, కాలు మోపితే కదిలే నేల, ఎటునుంచి వస్తున్నాయో తెలియని చప్పుళ్లు. అంతలో ఒక మూలనుంచి నాజీ సైనికుడి బొమ్మ లేచి నిలబడుతుంది. ఆ క్షణంలో కుర్రాడు ఏం చేస్తాడన్నదే పరీక్ష. శిబిరంలో ఆ ఇంటిని భూతాల కొంప అని పిలుచుకునేవారు.

మైదానంలో నిలబడి కాగితం మీది నల్లచుక్కను తప్పకుండా కొట్టగలిగిన గురికాళ్లు ఈ ఇంట్లో తడబడ్డారు. ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి, గొట్టం చివరనున్న సైటును గుర్తుతో కలిపి, ట్రిగ్గరును నిదానంగా నొక్కడం వాళ్లు నేర్చుకున్న విద్య. ఇక్కడ ఆ విద్యకు వ్యవధే లేదు. మోకాళ్లు వంగిపోయాయి, పిడికిలి బిగుసుకుపోయింది, రెండు కళ్లూ పెద్దవై ఎదుటి బొమ్మకే అతుక్కుపోయాయి. సైటు ఉందన్న సంగతే గుర్తుకు రాలేదు. ఇదంతా తరవాత పుస్తకంలో పెట్టినవాడు రెక్స్ ఆపిల్‌గేట్ అనే సైనికాధికారి, ఆరెగాన్ రాష్ట్రంవాడు. ఇంటి ఆలోచన మాత్రం అప్పటికి 57 ఏళ్లున్న ఇంగ్లిషువాడు విలియం ఫెయిర్‌బెయిర్న్‌ది.

గత భాగంలో 1865 నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ పోరు చూశాం. వైల్డ్ బిల్ హికాక్ సుమారు 75 గజాల దూరం నుంచి డేవిస్ టట్‌ను ఒకే తూటాతో పడగొట్టాడు. సినిమాలు అలాంటి దృశ్యాన్నే పదేపదే చూపించాయి కాబట్టి చేతి తుపాకి పోరంటే వీధికి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు అనుకుంటాం. అసలు లెక్క వేరు. గుమ్మం దగ్గర, కారు కిటికీ దగ్గర, దుకాణం కౌంటరుకు అటూ ఇటూ జరిగేవే ఎక్కువ. ఆ కొద్ది గజాల్లో మనిషి తనను తాను ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న మీద అమెరికాలో దాదాపు నూరేళ్లుగా వాదం నడుస్తోంది. ఆ వాదం మొదలైంది మాత్రం షాంఘైలో.

ఫెయిర్‌బెయిర్న్ 1907లో షాంఘై మునిసిపల్ పోలీసులో చేరాడు. విదేశీయుల పెత్తనంలో ఉన్న ఆ నగర భాగానికి చైనీయులు, యూరోపియన్లతో పాటు మన పంజాబు నుంచి వెళ్లిన సిక్కు జవాన్లూ పోలీసులుగా ఉండేవారు. దొంగల ముఠాలు, కిడ్నాపులు, నల్లమందు వ్యాపారం, ఇరుకు సందులు. తన సహచరుడు ఎరిక్ సైక్స్‌తో కలిసి ఫెయిర్‌బెయిర్న్ 1942లో రాసిన ‘షూటింగ్ టు లివ్’లో ఒక లెక్క ఉంది: పన్నెండున్నరేళ్లలో ఆయుధాలున్న నేరస్తులతో 666 ఎదురుపడ్డ సందర్భాలు. ప్రపంచంలో మరే పోలీసు శిక్షకుడికీ అప్పట్లో ఇంత అనుభవం లేదని నేను ధైర్యంగా అంటాను. ఆ అనుభవం ఆయనకు చెప్పింది ఇదీ: దూరం సాధారణంగా నాలుగు గజాలు దాటదు. వెలుతురు ఉండదు. ఎవరి తూటా ముందు తగిలితే వాడే బతుకుతాడు. అందుకని సైటుతో పని లేకుండా, ఎదుటివాణ్ణి వేలెత్తి చూపినంత సహజంగా తుపాకిని ఎత్తి వెంటనే పేల్చడం నేర్పాడు. భయపడ్డ ఒళ్లు ఎలాగూ వంగుతుంది, ఎలాగూ బిగుసుకుంటుంది. దాన్ని నిటారుగా నిలబెట్టాలని పోరాడకుండా, ఆ వంగిన భంగిమలోనే సాధన చేయించాడు.

ఆపిల్‌గేట్ ఈ విద్యను ఫెయిర్‌బెయిర్న్ దగ్గరే నేర్చుకుని మేరీలాండ్‌లోనే ఉన్న క్యాంప్ రిచీకి పట్టుకెళ్లాడు. సైనిక గూఢచారులకు అక్కడ శిక్షణ ఇచ్చేవారు. 1943లో వచ్చిన ఆయన పుస్తకం ‘కిల్ ఆర్ గెట్ కిల్డ్’ దశాబ్దాల తరబడి పునర్ముద్రణ పొందింది. హికాక్ రహస్యం ఏమిటా అని ఆయన డెడ్‌వుడ్ ఊరిదాకా వెళ్లి వెతికాడనీ, చెయ్యి కంటి ఎత్తుకు లేపి వేలు చూపినట్టు పేల్చేవాణ్ణని హికాక్ చెప్పుకున్న ఉత్తరం ఒకటి అక్కడ దొరికిందనీ ఆయన చెప్పేవాడు.

ఇదే కాలంలో అమెరికా ఫెడరల్ పోలీసు వేరే దారిలో ఇలాంటి చోటికే చేరింది. 1933 జూన్ 17న కాన్సాస్ సిటీ రైల్వే స్టేషన్ బయట, ఖైదీని తీసుకెళ్తున్న అధికారుల మీద దుండగులు విరుచుకుపడి ఒక ఫెడరల్ ఏజెంటును, ముగ్గురు పోలీసు అధికారులను, ఆ ఖైదీని కూడా చంపేశారు. మరుసటి ఏడాదే ఏజెంట్లకు ఆయుధాలు పట్టే అధికారాన్ని కాంగ్రెస్ చట్టబద్ధం చేసింది. అధికారం వచ్చింది, మరి పేల్చడం నేర్పేదెవరు? ఎఫ్‌బీఐ డైరెక్టర్ హూవర్ పల్లె పోలీసుల్లోంచి, పట్టణ డిటెక్టివుల్లోంచి గట్టివాళ్లను ఏరి తెచ్చుకున్నాడు. వాళ్లలో ఓక్లహోమా డిటెక్టివ్ ‘జెల్లీ’ బ్రైస్ ఒకడు. భుజం ఎత్తునుంచి వెండి డాలరు వదిలి, అది నడుము దాటేలోగా ఒరలోంచి రివాల్వర్ తీసి కొట్టేవాడని ప్రసిద్ధి. 1945లో ‘లైఫ్’ పత్రిక అతని వేగాన్ని ఫొటోలు తీసి సెకనులో అయిదింట రెండు వంతులని అచ్చువేసింది. ఏడు గజాల దగ్గర నుంచి వంగి, నడుము ఎత్తునుంచే పేల్చే భంగిమను ఎఫ్‌బీఐ దేశం మొత్తానికీ నేర్పింది. బ్రైస్ లాంటి కన్నూ చెయ్యీ కోటికొకరికి ఉంటాయి. మిగిలినవాళ్ల తూటాలు గోడల్లోకీ, నేలలోకీ పోయాయి.

దీన్ని మొదట గట్టిగా ప్రశ్నించినవాడు జెఫ్ కూపర్. మెరైన్ దళంలో అధికారిగా పనిచేసినవాడు, చరిత్ర చదివినవాడు. 1950ల్లో కాలిఫోర్నియా బిగ్ బేర్ కొండల్లో తుపాకి పోటీలు పెట్టాడు. ఏ పద్ధతైనా సరే, ఎవరైనా సరే వచ్చి నిరూపించుకోవచ్చు. మొదట్లో అందరూ ఒంటి చేత్తో, నడుము ఎత్తునుంచి టపటపా పేల్చి టపటపా తప్పేవారు. లాస్ ఏంజెలస్ కౌంటీ డిప్యూటీ షెరిఫ్ జాక్ వీవర్ ఒక్కడూ రెండు చేతులతో పట్టుకుని, తుపాకిని కంటి ఎత్తుకు తెచ్చి, సైటు మీద ఒక్క చూపు పారేసి కొట్టాడు. వేగంలో కొద్దిగా వెనక, తగలడంలో చాలా ముందు. వీవర్ గెలవడం చూసి కూపర్ తన సిద్ధాంతాన్ని కట్టాడు. 1976లో అరిజోనాలోని పాల్డెన్ దగ్గర బడి తెరిచాడు. గన్‌సైట్ పేరుతో అది ఇప్పటికీ నడుస్తోంది. పోలీసులు, సైనికులతో పాటు డాక్టర్లు, దుకాణదారులు, గృహిణులు అక్కడికి వెళ్లి నేర్చుకోవడం మొదలైంది. సామాన్య పౌరుడు డబ్బు కట్టి ఆత్మరక్షణకు తుపాకి విద్య నేర్చుకునే పద్ధతి ఈనాడు అమెరికాలో ఇంత పెద్ద పరిశ్రమ అయిందంటే మూలం అక్కడ ఉంది.

కూపర్ నేర్పిన వాటిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేవి భంగిమలు కావు, ఆయన నాలుగు నియమాలు. ప్రతి తుపాకీ నిండి ఉందనే అనుకో. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీద పెట్టకు. నీ గుర్తేమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ ఇప్పుడు అమెరికాలో తుపాకి నేర్పే చాలా చోట్ల మొదటి రోజు పాఠం. ఎన్ని ప్రాణాలు కాపాడాయో ఎవరూ లెక్కపెట్టలేరు.

పద్ధతుల తగువు ఇలా సాగుతుండగా రెండు ఘటనలు అందరినీ నిలబెట్టాయి.

1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రికి కాస్త ముందు, కాలిఫోర్నియాలోని న్యూహాల్. కారులోంచి తుపాకి చూపించి ఎవరినో బెదిరించారన్న ఫిర్యాదు మీద హైవే పెట్రోల్ పోలీసులు ఒక కారును కాఫీ హోటల్ ఆవరణలో ఆపారు. అందులో ఇద్దరు పాత నేరస్తులు. నాలుగైదు నిమిషాల్లో నలుగురు పోలీసులు చనిపోయారు: రోజర్ గోర్, వాల్ట్ ఫ్రేగో, జేమ్స్ పెన్స్, జార్జ్ అలిన్. నలుగురికీ 23, 24 ఏళ్లు. నలుగురూ చిన్న పిల్లల తండ్రులు. పెన్స్ తన రివాల్వర్లోని ఆరు తూటాలూ పేల్చేశాడు. ఒళ్లంతా గాయాలతో కారు పక్కన కూలబడి, నడుముకున్న సంచిలోంచి ఒక్కొక్క తూటా తీసి సిలిండర్లోకి తోస్తున్నాడు. అంతలో హంతకుడు వెనకనుంచి దగ్గరికి నడిచి వచ్చాడు.

ఈ ఘటన మీద ఒక కథ పుట్టి దేశమంతా పాకింది. శిక్షణ మైదానం శుభ్రంగా ఉండాలని ఖాళీ తొడుగులు జేబులో వేసుకోవడం అలవాటైన పెన్స్, చావు ముందర కూడా వాటిని జేబులో వేసుకున్నాడని. శిక్షకులు తరాల తరబడి ఈ కథ చెప్పారు. దర్యాప్తు పత్రాలు తిరగేసిన పరిశోధకులు తొడుగులు నేలమీదే పడి ఉన్నాయని తేల్చారు. కడదాకా పోరాడిన కుర్రాడి మీద ఇలాంటి కథ అంటించడం అన్యాయం. నిజమైన పాఠాలు అక్కడే ఇంకా చాలా ఉన్నాయి. సాధనలో తేలిక తూటాలు, ఉద్యోగంలో బాగా తన్నే మాగ్నమ్ తూటాలు. పగటి వెలుతురులో నిశ్చలమైన కాగితాల మీద సాధన, రాత్రి కార్ల మధ్య కదిలే మనుషులతో పోరు. న్యూహాల్ తరవాతే ఆరు తూటాలూ ఒకేసారి నింపే స్పీడ్‌లోడర్లు హైవే పెట్రోల్ పోలీసుల నడుముకు ఎక్కాయి. కారు ఆపి దగ్గరికి వెళ్లే పద్ధతి మొత్తం మారింది.

రెండోది 1986 ఏప్రిల్ 11 ఉదయం, మయామి శివారు. బ్యాంకు దొంగలు మైకేల్ ప్లాట్, విలియం మాటిక్స్‌ల కారును ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు గుద్ది ఆపారు. కార్లు ఢీకొన్న అదురుకు 53 ఏళ్ల బెన్ గ్రోగన్ కళ్లజోడు ఎగిరిపోయింది. ఆ ఆఫీసులో మంచి గురికాడిగా పేరున్నవాడు ఆయన. జోడు లేకుండా సైటు ఎక్కడ, ఎదుటివాడు ఎక్కడ? ఆయన, ఆయన జతగాడు జెర్రీ డవ్ చనిపోయారు; మరో అయిదుగురు గాయపడ్డారు. ఎడమ ముంజేయి ఛిద్రమైన ఎడ్ మిరెలెస్ ఒంటి చేత్తోనే షాట్‌గన్ లాగి పేల్చి, అందులో తూటాలు అయిపోయాక రివాల్వర్ తీసి, కారు దాకా నడిచి పోరును ముగించాడు. ఒంటి చేత్తో తుపాకి నింపడం, ఎడమ చేత్తో పేల్చడం, నేలమీద పడి ఉండి పేల్చడం, వీటికి పాఠాల్లో ప్రాధాన్యం పెరిగింది ఈ ఉదయం తరవాత. ఏజెంట్ల తూటా చాలినంత లోతు దిగలేదన్న చర్చ వల్ల కొత్త తూటాలు పుట్టి, 1990లో .40 తూటా బజారుకొచ్చింది. ఆయుధాల కంపెనీలకు తూటా కథ నచ్చింది. అందుకే అందరికీ అదే గుర్తుంది. నాకు మాత్రం గ్రోగన్ కళ్లజోడే పెద్ద పాఠంగా కనిపిస్తుంది.

ఎందుకంటే ఫెయిర్‌బెయిర్న్‌దీ కూపర్‌దీ వాదమంతా చివరికి కంటి దగ్గరే ఆగుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు కన్ను దాన్ని వదిలి గొట్టం చివరికి రాదని ఒకాయన, సాధన చేస్తే వస్తుందని ఇంకొకాయన. ఇద్దరిదీ నిజమే. రెండు మూడు గజాల్లో చూపు తిప్పేంత వ్యవధి దొరకదు. పది గజాల్లో చూపు తిప్పకపోతే తూటా పక్కవాడికి తగులుతుంది. ఆ మధ్య దూరంలో ఏది చెయ్యాలో ఒంటికి తెలియాలంటే ఏళ్ల సాధన కావాలి. ఇప్పుడు పిస్తోలు మీద బిగించే చిన్న అద్దంలో ఎర్ర చుక్క కనిపించే పరికరం వచ్చింది. కన్ను ఎదుటివాడి మీదే ఉంచితే చుక్క అక్కడే తేలుతుంది. గత పదేళ్లలో చాలా పోలీసు శాఖలు దానికి మారాయి. షాంఘై పాఠం, బిగ్ బేర్ పాఠం ఒకే గాజుముక్కలో కలిశాయి.

అయినా తప్పే తూటాలే ఎక్కువ. న్యూయార్క్ పోలీసుల మీద రాండ్ సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1998 నుంచి 2006 దాకా ఎదుటివాడు తిరిగి కాల్చిన సందర్భాల్లో పోలీసుల తూటాల్లో తగిలినవి సగటున నూటికి 18. ఎదురు కాల్పులు లేనప్పుడు 30. జీతమిచ్చి, క్రమం తప్పకుండా పరీక్ష పెట్టే పోలీసుల సంగతి ఇది. మిగిలిన 82 తూటాలూ ఏదో ఒక గోడలోకి, ఏదో ఒక కిటికీలోకి వెళ్లాయి.

తగలడం కన్నా కష్టమైన విషయం ఇంకొకటుంది: అసలు కాల్చాలా వద్దా అని తేల్చుకోవడం. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెనిస్ ట్యులర్ ఒక పత్రికలో రాశాడు: కత్తి పట్టుకున్నవాడు 21 అడుగులు, అంటే ఏడు గజాలు, పరుగెత్తి రావడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది, తర్ఫీదు ఉన్నవాడికి ఒరలోంచి తుపాకి తీసి కొట్టడానికీ దాదాపు అంతే. జాగ్రత్తగా ఉండు, దూరం పెంచుకో, అడ్డం వెతుక్కో అన్నది ఆయన ఉద్దేశం. కాలక్రమంలో అది తలకిందులై, 21 అడుగుల్లో కత్తి కనపడితే కాల్చొచ్చు అన్న సూత్రంగా కోర్టుల్లో వినపడింది. పోలీసు ఉన్నతాధికారుల సంస్థ పెర్ఫ్ 2016లో ఆ సూత్రాన్ని వదిలేయమని శాఖలకు చెప్పాల్సి వచ్చింది. 1999 ఫిబ్రవరి 4న బ్రాంక్స్‌లో నలుగురు పోలీసులు గినియా దేశం నుంచి వచ్చిన అమదూ డియాలో మీద 41 తూటాలు కాల్చారు, 19 తగిలాయి. అతని చేతిలో ఉన్నది పర్సు. గుమ్మం దూరంలో, మసక వెలుతురులో, చెయ్యి తన సాధన ప్రకారం పనిచేసింది. చేతిలో ఉన్నదేమిటో చూసే సాధన దానికి తోడు రాలేదు.

ఎఫ్‌బీఐ 1987లో క్వాంటికోలో హోగన్స్ అలీ అనే ఉత్తుత్తి ఊరు కట్టింది. బ్యాంకు, పోస్టాఫీసు, సినిమా హాలు, వీధిలో నటులు. ఎవడు దొంగో, ఎవడు దారిన పోయేవాడో తేల్చుకున్నాకే ఆయుధం ఎత్తాలి. కటాక్టిన్ ఇంటి పోకడే ఇది. తేడా ఏమిటంటే అక్కడ లేచిన ప్రతి బొమ్మా నాజీ. ఇక్కడ చాలామంది మామూలు మనుషులు. ఆత్మరక్షణ శిక్షణ అనదగ్గది ఇదొక్కటే అని నా నమ్మకం. కాల్చకుండా ఊరుకోవడాన్ని కూడా సాధన చేయించనిది సగం విద్యే.

ఇది మనవాళ్లకూ దూరపు ముచ్చట కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో ఒక బార్‌లో ద్వేషంతో వచ్చినవాడు తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు, ఆయన స్నేహితుణ్ణి గాయపరిచాడు. అదంతా బల్లల మధ్య, కొద్ది గజాల్లో జరిగింది. ఆపబోయిన అమెరికన్ యువకుడు తరవాత చెప్పాడు: బల్ల కింద దాక్కుని తొమ్మిది తూటాల చప్పుడు లెక్కపెట్టాననీ, తుపాకి ఖాళీ అయిందనుకుని వెంటపడ్డాననీ. ఖాళీ కాలేదు. చేతిలోంచి, ఛాతీలోంచి తూటా పోయింది, బతికాడు. హూస్టన్‌లోని భారతీయ సమాజం అతనికి ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చింది. నిరాయుధుడైన ఆ మనిషి తెగువ మీద నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

ఇలాంటివి జరిగినప్పుడల్లా మన ఇళ్లలోనూ ‘మనమూ ఒకటి కొనుక్కుంటే?’ అన్న మాట వస్తుంది. హెచ్1బీ వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ అడ్డు ఉండదు. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కని సుప్రీంకోర్టు 2008లో, బయటికి తీసుకెళ్లడమూ హక్కేనని 2022లో తీర్పులిచ్చింది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో ఏ పర్మిట్ లేకుండానే పెద్దలు దాచిన తుపాకితో వీధిలో తిరగొచ్చు. అంటే ఒక్క పాఠం వినకపోయినా, ఒక్క తూటా సాధనగా పేల్చకపోయినా చట్టం ఆపదు. న్యూయార్క్ పోలీసులకు నూటికి 18 తగిలిన చోట, ఏ సాధనా లేని చెయ్యి కిక్కిరిసిన అంగట్లో తుపాకి ఎత్తడాన్ని తలచుకుంటే నాకు భయం వేస్తుంది. ఆ భయం తుపాకి వద్దనేవాళ్లకే కాదు, కావాలనేవాళ్లకూ ఉండాలి. కూపర్ బడిలో వారం రోజులు నిలబడి నేర్చుకున్నవాళ్లలో చాలామంది అదే చెబుతారు.

పర్మిట్ అడిగినవాడికి ఇవ్వాల్సిందేనన్న చట్టాల వరసలో మలుపు తిప్పింది 1987 నాటి ఫ్లోరిడా చట్టం. దాన్ని తెచ్చినవాళ్లెవరు, ఎదిరించినవాళ్లెవరు, మిగతా రాష్ట్రాలు ఆ దారిలో ఎలా నడిచాయన్నది పదో భాగంలో.